రెండు కళ్ల యాషికాను

జపాన్‌లో పుట్టి మదనపల్లెలో స్థిరపడ్డ యాషికా కెమెరాను నేను. ముఖాన ఒకదానిమీద ఒకటి రెండు లెన్సులు. పైది చూడ్డానికి, కిందిది తీయడానికి. రోలుకు 12 ఫోటోలే. అందుకే మా స్టూడియోలో తాజ్‌మహల్ పరదా ముందు కూర్చున్నవాళ్లు తల దువ్వుకుని, గుండీలు సర్దుకుని, ఊపిరి బిగబట్టాకే మా పెద్దాయన నన్ను నొక్కేవారు. టమోటా మార్కెట్‌కు నన్నెప్పుడూ తీసుకుపోలేదు. కూలోళ్ల ఫోటోకు డబ్బులెవరిస్తారు?

డిజిటల్ వచ్చాక బీరువా పాలయ్యాను. ఆమధ్య పెద్దాయన మనవడు నన్ను మెడలో వేసుకుని, తాతను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం. అక్కడొక హాల్లో అమెరికా ఫోటోలు వరసగా తగిలించారు. 1930ల గడ్డురోజుల్లో అక్కడి ప్రభుత్వమే జీతమిచ్చి తీయించినవి. సర్కారు సొత్తు గనక ఎవరైనా ప్రింటేసుకోవచ్చు.

డొరోథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో తీసిన ఒక తల్లి ఫోటో దగ్గర పెద్దాయన ఆగిపోయారు. 32 ఏళ్లు, ఏడుగురు పిల్లలు. బఠానీ కోతకొస్తే పైరు కాస్తా చలికి పోయింది. "ఈయమ్మ మన టమోటా కూలోళ్ల మాదిరే ఉందే" అన్నారు. నా చూపు మాత్రం కింద కుడిమూలకు పోయింది. గుడారపు గుంజ మీది బొటనవేలు అడ్డొచ్చిందని లాంగ్ తర్వాత నెగెటివ్ మీద దాన్ని మాపించింది. ఫోటో పక్కన రాసున్న ఆ సంగతి మనవడు చదివి వినిపిస్తే పెద్దాయన పకపకా నవ్వారు. పెళ్లిసంబంధాల ఫోటోల్లో సన్న పెన్సిల్‌తో ఎందరి అమ్మవారి మచ్చలు మాపారో ఆయన!

మరో ఫోటోలో ఆకాశం మధ్య నల్లటి గుండ్రటి మచ్చ. రాయ్ స్ట్రైకర్ అని, ఈ ఫోటోగ్రాఫర్లందరికీ పైఅధికారి. నచ్చని నెగెటివ్‌కు, కండక్టరు టికెట్టుకు కొట్టినట్టు, చిల్లు కొట్టేవాడు. నాకు ఒళ్లు మండింది. నచ్చకపోతే పక్కన పెట్టాలి గానీ కన్ను పొడుస్తారా?

ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫోటో దేశదేశాలు తిరిగింది, అప్పటిదాకా ఆమె చేతికి దానివల్ల పైసా రాలేదు.

తర్వాత మనవడు బెంగళూరు నుంచి రోలు తెప్పించి, నన్ను మార్కెట్ యార్డుకు తీసుకెళ్లాడు. క్రేట్ల మధ్య కూర్చుని కాయలు ఏరుతున్న ఆడవాళ్లు నా పైగాజులో కుడి ఎడమలు తారుమారై కనిపించారు. వాడింకా ఫోకస్ తిప్పుతుండగానే ఒకామె తలెత్తింది.

"తీస్తే తీసుకో అబ్బోడా, కాపీ ఇస్తావా? పోయినసారి తీసుకున్నోడు మళ్లీ ఈ పక్కకే రాలా."