బావగారి ఫ్రిజ్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

టాపు మీద పలక డాబుగా మెరయగ
బండి వెనక పెట్టె భద్రముగను
ఊరి తీగ యేల యొరుల దయయు నేల
నేను నాకు చాలు నిశ్చయముగ

తాత్పర్యం

పరీక్షకి చదివేవాళ్లు తాత్పర్యం చూసుకుని పుస్తకం మూసేస్తారు కాబట్టి ముందే ఇస్తున్నాం. ఓ బావమరిదీ! నా ట్రక్కు కప్పు మీద సోలార్ ప్యానెల్ మెరుస్తోంది. వెనక ఫ్రిజ్ ఉంది. ఊళ్లో కరెంటుతో నాకు పని లేదు, ఇంకొకరి దయ అక్కర్లేదు. నేను స్వతంత్రుణ్ణి. నువ్వు ఐసు డబ్బాతో వచ్చిన పామరుడివి. (చివరి వాక్యం మూలంలో లేదు, ధ్వని.)

అవతారిక

బావగారు ఈ మాటలు వచనంలోనే అన్నారు. అమెరికాలో, యూటా రాష్ట్రంలో, శాన్ రఫాయెల్ స్వెల్ అనే ఎర్రరాళ్ల ఎడారిలో, పికప్ ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద బాసింపట్టు వేసుకుని, పక్కన అక్క స్టవ్ వెలిగించడానికి గాలితో కుస్తీ పడుతుండగా అన్నారు. ఆటవెలదిలోకి దించింది వ్యాఖ్యాత. భావం ఎక్కడా మార్చలేదు. "ఆఫ్ గ్రిడ్" (ఊరి కరెంటుతో పొత్తు లేకుండా) అన్న మాట మాత్రం ఎంత తంటాలు పడ్డా ఒంటరిగా ఈ ఛందస్సులో ఇమడలేదు. అందులో ఉన్నవి రెండూ గురువులే. పక్కమాట నుంచి ఒక లఘువుని అరువు తెచ్చుకుంటే తప్ప గణం కాదు. బావగారికి ఈ సంగతి చెప్పాం. "అయితే పద్యంలోంచి తీసెయ్" అన్నారు.

ప్రతిపదార్థం

వదిలేశాం. టాపు, బండి, పెట్టె, తీగ తెలియని తెలుగువాళ్లకి ఈ పద్యంతో పని లేదు. కోలాచల మల్లినాథసూరి, మన మెదకు సీమవాడు, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకి వ్యాఖ్య రాశాడు. ఆ ఒట్టులో మొదటి సగం మేమూ పెట్టుకుంటున్నాం.

టాపు మీద పలక

ఈ పలక వెనక ఒక కాగితం అంటించి ఉంటుంది. 100 వాట్లు అని ఉంటుంది దాని మీద. బావగారు ఆ కాగితాన్ని శ్రుతివాక్యంగా స్వీకరించారు. వ్యాఖ్యాత అలంకార శాస్త్రాన్ని ఆశ్రయిస్తాడు. గంగలో గొల్లపల్లె అన్నప్పుడు పల్లె నీళ్లలో ఉండదు, ఒడ్డున ఉంటుంది. దీన్ని లక్షణ అన్నారు. నూరు వాట్ల పలక అన్నా అంతే. అది నూరులో ఉండదు, నూరు ఒడ్డున ఉంటుంది. ఆ అంకె ప్రయోగశాలలో కట్టింది. అక్కడ చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుతురు పడుతుంది, పలక ఒంటి వేడి 25 డిగ్రీలు దాటదు. ఎడారి మధ్యాహ్నం నల్లటి పలక 60 డిగ్రీలకి సులువుగా చేరుతుంది. డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున తరుగు వేసుకుంటే పదో వంతుకి పైగా అక్కడే పోయింది. పైగా టాపు మీద వెల్లకిలా పడుకోబెట్టిన పలక సూర్యుడికి ఎదురు నిలబడదు. మట్టిరోడ్డు దుమ్ము సరేసరి. నికరంగా 65 వాట్లు వస్తే గొప్ప. అయిదు గంటల మంచి ఎండకి 325 వాట్ అవర్లు.

ఫ్రిజ్ సంగతి: కంప్రెసర్ తిరుగుతున్నంతసేపూ 45 వాట్ల దాకా లాగుతుంది, రోజులో మూడో వంతు సేపు తిరుగుతుంది. అంటే 360 వాట్ అవర్లు, 12 వోల్టుల లెక్కన 30 ఆంపియర్ అవర్లు. బావగారు దీన్ని "రోజుకి ముప్ఫై ఆంపులు" అంటారు. ఇది దుష్ప్రయోగం. ఆంపియర్ అన్నది ప్రవాహం ఎంత జోరుగా ఉందో చెప్పేది, ఎంత పోగైందో చెప్పేది కాదు. ఈ మాట మెల్లగా విన్నవించాం. "అదేలేరా" అన్నారు. అదే కాదు.

పెట్టె

ఇక్కడ పెట్టె అంటే బయటి వేడిని లోపలికి రానివ్వనిది అని గ్రహించాలి. ఈ అర్థాన్ని లోకానికి వ్యాపారంగా నేర్పినవాడు బోస్టన్ వాసి ఫ్రెడరిక్ ట్యూడర్. 1806లో ఆయన ఓడ నిండా మంచుగడ్డలు వేసి కరీబియన్‌లో మార్టినిక్ దీవికి పంపాడు. ఊరు నవ్వింది. 1833 మే నెలలో టస్కనీ అనే ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బోస్టన్‌లో బయల్దేరి, ఆఫ్రికా కొసని చుట్టి, భూమధ్యరేఖని రెండుసార్లు దాటి, నాలుగు నెలలకి కలకత్తా చేరితే, వంద టన్నుల దాకా ఇంకా మంచుగానే ఉంది. ఆ ఓడలో కంప్రెసర్ లేదు, బ్యాటరీ లేదు, టాపు మీద పలకా లేదు. చెట్ల బెరడు పొట్టు ఉంది. తోళ్లు పదునుచేసేవాళ్లు వాడేసి పారబోసే పొట్టు. నథానియల్ వైత్ అనే ఆయన గడ్డకట్టిన చెరువు మీద గుర్రాలు లాగే కోతసాధనం తయారుచేసి, మంచుని నలుచదరపు దిమ్మలుగా కోయించాడు. దిమ్మలు చదరంగా ఉంటే సందు లేకుండా పేర్చొచ్చు, సందు లేకపోతే గాలి ఆడదు, గాలి ఆడకపోతే కరుగు తక్కువ. రహస్యమంతా ఇంతే.

ఆ మంచు మద్రాసుకీ వచ్చింది. దాన్ని దాచడానికి 1842 ప్రాంతంలో సముద్రపు ఒడ్డున ఒక మేడ కట్టారు, ఐస్ హౌస్. ఆవిరి యంత్రాలతో మన దేశంలోనే మంచు తయారవడం మొదలయ్యాక ట్యూడర్ వ్యాపారం చతికిలపడింది. మేడని బిలిగిరి అయ్యంగార్ అనే వకీలు కొనుక్కున్నారు. 1897లో వివేకానందుడు పడమటి దేశాల నుంచి తిరిగొచ్చి మద్రాసులో బస చేసింది ఆ మేడలోనే. అమెరికా మంచు దిగిన ఇంట్లోనే అమెరికాని కరిగించి వచ్చిన స్వామి దిగాడు. ఇలాంటి శ్లేష చరిత్ర తనంతట తాను రాసిపెట్టాక కవులు చేయడానికేం మిగల్లేదు. తరవాత సిస్టర్ సుబ్బలక్ష్మి బాలవితంతువుల్ని చదివించడానికి ఆ భవనంలోనే వసతి ఏర్పాటు చేశారు. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. అయినా ట్రిప్లికేన్‌లో ఆ పేటని నేటికీ ఐస్ హౌస్ అనే పిలుస్తారు. మంచు కరిగిపోయి నూటపాతికేళ్లు దాటినా పేరు కరగలేదు. ఆ పొట్టు నాణ్యత అలాంటిది.

పద్యం ఎందాకా వచ్చింది? పెట్టె.

వెనక

పద్యానికి ప్రాణం ఈ మాటలో ఉంది. పెట్టె వెనక ఉంది. బ్యాటరీ ముందు, ఇంజను పక్కన ఉంది.

వాక్యం అర్థం కావాలంటే మూడు కావాలని శాస్త్రం: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక మాట ఇంకో మాటని కోరాలి, ఆ రెంటికీ పొత్తు కుదరాలి, రెండూ దగ్గరగా ఉండాలి. పొద్దున "ఆవుని" అని, సాయంత్రం "తోలుకురా" అంటే అర్థం పుట్టదు. ఫ్రిజ్‌కి కరెంటు మీద ఆకాంక్ష ఉంది. రెండూ 12 వోల్టులవే, యోగ్యత ఉంది. లేనిది సన్నిధి. ముందు నుంచి వెనక్కి ఆరు మీటర్ల తీగ, తిరుగు దారి కలిపితే పన్నెండు. బావగారు వేసింది 16 నంబరు తీగ. (అమెరికాలో తీగ నంబరు పెరిగినకొద్దీ సన్నబడుతుంది. ఈ విపరీత లక్షణకి వేరే వ్యాఖ్య కావాలి.) అందులో 4 ఆంపియర్లు పారితే దారిలోనే ఇంచుమించు 0.6 వోల్టు హరించుకుపోతుంది. బ్యాటరీ దగ్గర 12.2 ఉన్నది పెట్టె దగ్గరికి 11.6గా చేరుతుంది. అదే లావుపాటి 10 నంబరు తీగ వేసి ఉంటే పోయేది 0.2.

ఇలాంటి ఫ్రిజ్‌లకి బ్యాటరీని కాపాడే మీట ఒకటి ఉంటుంది, హై, మీడియం, లో అని. హైలో పెడితే వోల్టేజి 11.8 చుట్టుపక్కలకి రాగానే ఫ్రిజ్ తనంతట తాను ఆగిపోతుంది. లోలో పెడితే 10 పైచిలుకు దాకా పీలుస్తూనే ఉంటుంది. బావగారు మొదట హైలో పెట్టారు, మంచి పనే. కానీ ఫ్రిజ్‌కి కనిపించేది బ్యాటరీ కాదు, తీగ చివర మిగిలిన వోల్టేజి. నిక్షేపంలాంటి బ్యాటరీ చచ్చిపోయిందనుకుని మాటిమాటికీ ఆగింది. అప్పుడు మార్చాల్సింది తీగ. తీగ చవక, ఎవరికీ కనిపించదు, దాని గురించి ఎవరికీ చెప్పుకోలేం. బావగారు మీటని లోకి తిప్పి, ఇంకో పలక కొనాలన్నారు.

రెండో పాదం చివర "భద్రముగను", మూడో పాదం మొదట "ఊరి": ఇక్కడ సంధి చేయలేదు. పండితులు గమనించే ఉంటారు. కావాలనే వదిలాం. బండిలోనూ సాకెట్టూ ప్లగ్గూ కలిసేచోట సంధి కుదరలేదు. సిగరెట్ వెలిగించుకోడానికి పెట్టిన సాకెట్ అది. గతుకుల రోడ్డు మీద పది మైళ్లు పోయేసరికి ప్లగ్గు దానంతటదే ఊడి వస్తుంది. మూలానికి విధేయుడైన వ్యాఖ్యాత అంతకంటే ఏం చేస్తాడు?

ఊరి తీగ యేల

ఇక్కడ శాస్త్రం కాసేపు పక్కన పెట్టాలి.

బయల్దేరే ముందు రోజు అక్క అంది: "డ్రింకుల కేసు రాత్రికి ఇంటి ఫ్రిజ్‌లో పెడదామండీ, చల్లబడ్డాక మారుద్దాం." బావగారు ఒప్పుకోలేదు. "అది ఊరి కరెంటు. అలా అయితే ఇంక ఆఫ్ గ్రిడ్ ఏముంది?" అన్నారు. ట్రక్కు బ్యాటరీని నింపింది ఇంజను, ఇంజనుని నడిపింది ఊళ్లో పోయించుకున్న పెట్రోలు. ఆ పలకని చేసిన ఫ్యాక్టరీ ఎండకి నడవలేదు. ఇవన్నీ మడికి అడ్డు రాలేదు. ఇంట్లో గోడకున్న ప్లగ్గు ఒక్కటే మైల.

దాంతో ఇరవై నాలుగు డబ్బాలు ఎండలో కాగి కాగి 35 డిగ్రీల వేడితో ఎడారిలో ఫ్రిజ్‌లోకి దిగాయి. సాయంత్రం మిగిలిన నాలుగు లీటర్ల సాంబారు, ఇంకా పొగలు కక్కుతుండగా, గిన్నెతో సహా వాటి పక్కన చేరింది. పాఠకులు కాగితం తీసుకోవచ్చు. ఎనిమిదిన్నర లీటర్ల పానీయం 35 నుంచి 5 డిగ్రీలకి దిగాలంటే 300 వాట్ అవర్ల వేడి బయటికి పోవాలి. సాంబారు 80 నుంచి 5కి దిగాలంటే ఇంకో 350. ఒక వాటు తిని ఒకటిన్నర వాటు వేడిని బయటికి తోసే కంప్రెసర్ అనుకున్నా ఈ రెంటికే 430 వాట్ అవర్లు. ఆ పలక పగలంతా కష్టపడితే వచ్చేది 325. పైగా ఇది రాత్రి.

పిల్లవాడు మజ్జిగ అడిగాడు. "మూత తీయకు! చలి పోతుంది!" అని బావగారి కేక. అక్క తెల్లవారుజామున లేచి రుబ్బిన దోసెల పిండి బయటే ఉంది, పొంగి డబ్బా మూత లేపేసింది. సాంబారుకి చోటు కావాల్సొచ్చి బయట పెట్టారట. మజ్జిగ తీసి ఇవ్వని ఫ్రిజ్, పిండికి చోటు లేని ఫ్రిజ్, తాళం వేసిన భోషాణం కంటే ఎందులో ఎక్కువ? వ్యాఖ్యాత తెచ్చిన ఐసు డబ్బాలో మాత్రం పెరుగు చల్లగా ఉంది. దాని గోడ రెండంగుళాల మందం. ఇంట్లో ముందు రోజే చల్లబరిచి సర్దాం, ఊరి కరెంటుతోనే. పిల్లవాడికి మజ్జిగ అందులోంచే కలిపి ఇచ్చాం.

ఒరుల దయ

బావగారు బండి ఆపుకున్న నేల ఆయనది కాదు. అమెరికా ప్రభుత్వ భూనిర్వహణ శాఖది. ఆ శాఖ చేతిలో 24.5 కోట్ల ఎకరాలున్నాయి, చాలావరకు పడమటి రాష్ట్రాల్లో. చాలాచోట్ల ఒకే తావులో 28 రోజుల వ్యవధిలో 14 రోజుల దాకా పైసా కట్టకుండా ఎవరైనా దిగొచ్చు. దేశంలో ప్రతివాడికీ వాటా ఉన్న నేల మీద కూర్చుని "యొరుల దయయు నేల" అనడాన్ని ఏ అలంకారం కింద చేర్చాలో తేల్చుకోలేకపోయాం.

ఆ నేల మీద దొరికే సుఖం ఒకటే, నిశ్శబ్దం. అక్కడికి వచ్చినవాళ్లు అందుకోసమే వస్తారు. రెండో రాత్రి బావగారు, ఎందుకైనా మంచిదని (ఎందుకో పాఠాంతరాల్లో తెలుస్తుంది), రెండేసి గంటలకోసారి లేచి అరగంట చొప్పున ఇంజను ఆన్ చేసి ఉంచారు. ఆ లోయలో గుసగుస కూడా అవతలి గట్టుకి వినిపిస్తుంది. పక్క గుడారంలో ఎవరో టార్చి వేశారు, ఆర్పారు, మళ్లీ వేశారు. పన్నెండు డాలర్ల డ్రింకుల కేసు కోసం.

నేను నాకు చాలు నిశ్చయముగ

స్పష్టం.

పాఠాంతరాలు

తొలి రాత్రి గడిచిన ఉదయం సేకరించిన ప్రతిలో మూడో పాదం ఇలా కనిపిస్తుంది: "ఊరి తీగ యేల యొరుల దయయె చాలు." గణాలు సరిపోయాయి, యతి చెడలేదు, కాబట్టి ప్రక్షిప్తమని తోసిపుచ్చలేం.

ఈ పాఠం పుట్టుక గురించి తెలిసినంత మేర: మీట లోలో ఉండడం వల్ల కంప్రెసర్‌ని ఆపేవాడు లేక రాత్రంతా సాంబారుని చల్లబరిచింది. పది గంటలకి 450 వాట్ అవర్లు, అంటే 37 ఆంపియర్ అవర్లు. ఇంజనుని లేపే బ్యాటరీ మొత్తం 65. అందులో సగానికి పైగా ఊడ్చేస్తే ఇంజను లేవదు. తాళం తిప్పితే టిక్కుటిక్కుమని ఊరుకుంది. సాంబారు మాత్రం చాలా చల్లగా ఉంది, తినలేకపోయాం.

పక్క గుడారం పెద్దాయన, సొట్టలు పడ్డ పాత ఇనప ఐసు పెట్టె ఉన్నాయన, అడక్కుండానే జంపర్ కేబుళ్లు పట్టుకొచ్చాడు. కేబుళ్లు బొటనవేలంత లావున ఉన్నాయి. వ్యాఖ్యాత వాటిని చూపించి సన్నిధి గురించి ఏదో అనబోతే అక్క కాలు తొక్కింది. బండి లేచింది. పెద్దాయన డబ్బు పుచ్చుకోలేదు. చల్లటి డ్రింకు ఇద్దామని బావగారే స్వయంగా మూత తీశారు.

అక్క ప్రతిలో "దయయె చాలు" అనే ఉంది. పిల్లల ప్రతిలోనూ అదే. బావగారి ప్రతిలో మాత్రం ఈ పాదం దగ్గర ఆకు శిథిలమైంది.