పెనాబ్‌స్కాట్ విజయము

ప్రబంధమన్నాక అష్టాదశ వర్ణనలుండాలని పెద్దల మాట. బోస్టన్ తెలుగు మిత్రులం నలుగురం ఆగస్టులో మెయిన్ రాష్ట్రపు తీరాన పెనాబ్‌స్కాట్ అఖాతంలో అద్దె తెరచాప పడవెక్కిన వృత్తాంతాన్ని ఆ లెక్క ప్రకారమే విన్నవిస్తాను.

నగరం: కామ్డెన్. వెనక బ్యాటీ కొండ, ముందు ఐస్‌క్రీం కొట్టు. చాలు. శైలం: కనుచూపుమేర గ్రానైటే. ఎదుటి వైనల్‌హేవెన్ ద్వీపపు రాయి న్యూయార్కుకెళ్లి సెయింట్ జాన్ ద డివైన్ కెథడ్రల్‌లో స్తంభాలై నిలిచింది. మిగిలినది మా పడవ అడుగు గీకడానికి పొంచి ఉంది. మంత్రాంగం: ఉప్మాలో జీడిపప్పు పడాలా, వద్దా? పడవ ఎటు ఒరిగినా సమంగా నిలిచేలా పొయ్యిని ఇరుసుల మీద వేలాడదీస్తారు. కాబట్టి ఉప్మా ఒరగదు, వండేవాడే ఒరుగుతాడు. చంద్రోదయం: వెచ్చని నైరుతి గాలి చన్నీళ్లను తాకి పొగమంచైంది. చంద్రుడు వచ్చాడనే వదంతిని నమ్మి ముందుకు సాగుతున్నాను.

ఇక యుద్ధం.

శత్రువు సొరకాయంత బోయా. నారింజ ఒళ్లు, నడుమన తెల్ల పట్టీ, దాని మీద కాల్చి వేసిన అంకెలు. కింద తాడు, తాడు కొసన లాబ్‌స్టర్ బోను. ఇక్కడ ఒక్కో జాలరికి ఒక్కో రంగుల గుర్తు. ఒక్కొక్కరు ఎనిమిది వందల బోనుల దాకా దించవచ్చు. అంతటి అక్షౌహిణిలోంచి ఈ ఒక్కడు చుక్కానికీ అడుగుపలకకూ నడుమ దూరి, మా టన్నుల కొద్దీ బరువున్న నౌకారాజాన్ని నడిసంద్రంలో కట్టుగొయ్యకు కట్టేశాడు. తెరచాపల నిండా గాలి, పడవ మాత్రం కదలదు!

ఒకడు వంటింటి కత్తి దూశాడు. "కొయ్యకండ్రా, అది ఎవరి అన్నమో!" అని మా పెద్దబావ గర్జించాడు. నిజమే, కోస్తే బోను అడుగున పోయినట్టే, పైగా చట్టం ఊరుకోదు. తెనాలి వంశాబ్ధిచంద్రుడైన ఆ బావ బనియను విడిచి, ఆంజనేయుణ్ణి తలచి, పదిహేను డిగ్రీల నీళ్లలోకి దూకాడు. జలక్రీడ వర్ణన ఒక్క కేకతో ముగిసింది. ఆ మరుక్షణమే పడవలో ఉన్నాడు. ఎలా ఎక్కాడో చూసినవారు లేరు.

అంతలో బోను యజమానే మరపడవలో వచ్చాడు. నవ్వలేదు, అది అతని గొప్పతనం. కొక్కెంతో తాడందుకుని, వదులు చేసి, చిటికెలో మమ్మల్ని విడిపించాడు. పనిలో పనిగా బోను పైకి లాగితే లోపల తోక కింద వేలకొద్దీ నల్లని గుడ్లు మోస్తున్న ఆడ లాబ్‌స్టర్. తోకరెక్కపై చిన్న గాటు పెట్టి నీళ్లలోకి వదిలేశాడు. ఆ గాటు ఉన్నంతకాలం, గుడ్లు లేకపోయినా, దాన్ని ఎవరూ పట్టుకుపోకూడదు.

ఆ విధంగా కుమారోదయ వర్ణన కూడా అయాచితంగా సమకూరింది. లోటల్లా వివాహ ఘట్టమే. కత్తి దూసిన వీరుడికి గుంటూరులో సంబంధాలు చూస్తున్నారు.