తోకసంజీవని

వ్యాఖ్యానానికి ముందు వ్యాఖ్యాత తన గోడు చెప్పుకోవడం ఆచారం. నా గోడు ఇది. మా తిరుమలగిరిలో జనగామ రోడ్డు మీద ఎరువుల కొట్టులో లెక్కలు రాసే కుర్రాడొకడున్నాడు. పొద్దుగూకితే కంప్యూటరు మీద ఆటలాడతాడు. అందులో విండోస్ ఉండదు, లినక్సు ఉంటుంది. దీనివల్ల ఊళ్ళో ఎవరికీ నష్టం లేదు. నష్టమల్లా అతని తీర్పులతోనే. ప్రపంచంలో ఎక్కడ కొత్త ఆట విడుదలైనా సాయంత్రానికల్లా టీ కొట్టు దగ్గర తీర్పు వెలువడాలి. కొనకముందే, ఆడకముందే, ఒక్కోసారి ట్రైలర్ కూడా పూర్తిగా చూడకముందే. "అది దండుగ సారూ" అని గ్లాసు కింద పెడతాడు. ఇక దాని మీద అప్పీలు లేదు.

ఇన్నాళ్ళూ వచనంలో చెప్పేవాడు గనక ఓర్చుకున్నాను. మొన్న పద్యం రాసి నా ఫోనుకు పంపాడు. "మీరు తెలుగు పంతులు గదా సారూ, జర తాత్పర్యం రాయుండ్రి" అన్నాడు. రాస్తున్నాను. తర్వాత నన్ను అనకూడదు.

నేటివుగను రాని నీయాట మనకేల
తొలుత కొనెడివాడు తోక కొనును
సేలు వచ్చుదాక చెలికాడ! యోర్వుము
తిరుమలగిరి వాస! తెలిసి మెలగు

మన మెదకు సీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ముందే మాటిచ్చాడు. ఇందులో మొదటి సగానికి నేనూ కట్టుబడతాను. రెండో సగం నా వల్ల కాదు.

ప్రతిపదార్థం వదిలేస్తున్నాను. తెలిసినవాళ్ళకు అది అక్కరలేదు, తెలియనివాళ్ళకు ఆటే అక్కరలేదు. తోక అన్న మాట ఒక్కటే విప్పాలి. ఆట కొన్నాక మళ్ళీ డబ్బు పెట్టి కొనుక్కునే అదనపు భాగానికి కవి పెట్టిన పేరు అది. అంగట్లో డీఎల్‌సీ అంటారు.

మొదటి పాదం ప్రతిజ్ఞ. లినక్సు కోసమే కట్టిన ఆటే ఆట, తర్జుమాలో నడిచేది ఎంగిలి అని కవి మతం. ఒకప్పుడు ఈ మతానికి బలం ఉండేది. 2013 ఫిబ్రవరిలో స్టీమ్ అనే ఆటల దుకాణం లినక్సుకు వచ్చినప్పుడు అందులో ఆటలు కొన్నే, నేటివుగా వచ్చిన ప్రతిదాన్నీ జనం నెత్తిన పెట్టుకున్నారు. 2018 ఆగస్టులో స్టీమ్ యజమాని వాల్వ్ కంపెనీ ప్రోటాన్ తెచ్చాక కథ మారింది. విండోస్ కోసం రాసిన ఆట తన గ్రాఫిక్స్ భాష అయిన డైరెక్ట్ఎక్స్‌లో ఏది అడిగినా, దాన్ని ప్రోటాన్ అప్పటికప్పుడు లినక్సుకు తెలిసిన వల్కన్‌లోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్సులో నడపడానికి 1993 నుంచీ సాగుతున్న వైన్ దీనికి పునాది. తర్జుమాయే, కాదనను. అయితే తిక్కన చేసిన పనేమిటి? కవి మతమే నిజమైతే, సంస్కృతం రాని మనమెవరమూ భారతం ముట్టకూడదు.

పైగా తర్జుమా మూలాన్ని మించిన సందర్భమూ ఉంది. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ విడుదలై విండోస్‌లో అడుగడుగునా తడబడుతుంటే, వాల్వ్ వాళ్ళు ఆ తడబాటును ప్రోటాన్ వైపు నుంచి చాలావరకు సర్దారు. అదే నేటివుగా ఉన్న రాకెట్ లీగ్ 2020 మార్చిలో లినక్సును వదిలేసి పోయింది. ఇదంతా కవికి చెప్పాను. "అది వేరే సారూ" అన్నాడు. ఎట్లా వేరో చెప్పలేదు.

రెండో పాదం పద్యానికి ఆయువుపట్టు. తర్కశాస్త్రంలో దీన్ని వ్యాప్తి అంటారు. ఎక్కడెక్కడ ప్రీ ఆర్డర్, అంటే విడుదలకు ముందే కొనడం, ఉందో అక్కడక్కడ సీజన్ పాస్, అంటే రాబోయే తోకలకు ముందే డబ్బు కట్టడం, ఉంది, వంటింట్లో పొగా నిప్పూ ఉన్నట్టు. తోకకు డబ్బు తప్పదన్నదానికి వ్యభిచారం, అంటే పొసగని ఉదాహరణ, ఒకటి చూపించాను. 2015లో వచ్చిన విచర్ మూడో భాగం పదహారు చిన్న తోకల్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. కవి ముఖం మాడ్చుకున్నాడు. కారణం నాకు తర్వాత తెలిసింది. విచర్ రెండో భాగం 2014లో లినక్సుకు వచ్చింది, మూడోది రాలేదు. ఉచితమైన తోక కవి గుమ్మం దాకా వచ్చింది గానీ ఒళ్ళు రాలేదు.

ఇక్కడ పండితులు ఆక్షేపించవచ్చు. తోక మన సాహిత్యానికి కొత్తా? కాదు. పదకొండో శతాబ్దిలో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తి చేసి, అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. ఇప్పటివాళ్ళయితే, పూర్తికాని ఆటను అమ్మేటప్పుడు అన్నట్టు, ఎర్లీ యాక్సెస్ అనేవారు. పదమూడో శతాబ్దిలో నెల్లూరు నుంచి తిక్కన వచ్చి, ఆగినచోట అందుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు ఒంటిచేత్తో రాశాడు. మధ్యలో గుంట అట్లాగే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దిలో ఎర్రన ఆ గుంట పూడ్చాడు. ఎట్లా పూడ్చాడు? తన రాజు పేరు పక్కన పెట్టి, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. నన్నయ గొంతుతో ఎత్తుకుని మెల్లగా తిక్కన గొంతులోకి జారాడు. అతుకు ఎక్కడుందో తెలిసినవాడికి కూడా వేలుపెట్టి చూపడం కష్టం. నలభై గిగాబైట్ల సవరణ దింపుకున్నాక కూడా గుర్రం గోడలోంచి దూరిపోయే ఈ కాలంలో ఎర్రనంత నెమ్మదైన ప్యాచ్ నాకు చూపించండి.

అదే ఎర్రన హరివంశం తెనిగించాడు. హరివంశం భారతానికి ఖిలం, అంటే చివర చేర్చిన భాగం. నాచన సోముడు ఉత్తరహరివంశం రాశాడు. తోకగా పుట్టినదే కాలక్రమంలో విడి కావ్యమై పేరు తెచ్చుకుంది. ఇది ఆటల్లోనూ జరిగింది. హాలో నైట్‌కు తోకగా మాటిచ్చిన సిల్క్‌సాంగ్ పెరిగి పెరిగి, 2019 ఫిబ్రవరిలో తాను విడి ఆటనని ప్రకటించుకుంది. 2025 సెప్టెంబరు 4న వచ్చింది, తొలిరోజే లినక్సుకు కూడా. జనం తాకిడికి ఆ పూట దుకాణాలే స్తంభించాయి. ఆ ఆట గురించి కవి తీర్పు చెప్పలేదు. ఆడుతున్నాడు కాబోలు.

పోతన సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఆయన ఊరు బమ్మెర మాకు పక్క జిల్లాయే. రాచకొండ సింగభూపాలుడు భాగవతం తనకు అంకితమిమ్మన్నాడని, పోతన ఇవ్వలేదని, గ్రంథం మట్టిపాలై కొంత చెడిందని ఐతిహ్యం. ఐతిహ్యం మాట ఎట్లా ఉన్నా, పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, చివరి రెండూ వెలిగందల నారయవి. ఎవరి స్కంధం చివర వాళ్ళు గద్యలో తమ పేరు చెప్పుకున్నారు, పోతన పేరు చాటున దాక్కోలేదు. ఇంతకీ ఈ వ్యాఖ్య నేను టైపు చేస్తున్నదీ లినక్సు మీదే. కవి బలవంతం మీద ఎక్కించుకున్నాను, విండోస్ పదికి 2025 అక్టోబరులో కంపెనీ ఊడిగం మానేశాక. అందులో పోతన పేరుతో ఒక అక్షరమాల, వేమన పేరుతో ఒకటి ఉచితంగా దొరికాయి. సింగభూపాలుడికి దక్కని పోతన తిరుమలగిరిలో నాకు ఊరికే దక్కాడు. అక్షరాల వంపు కాస్త పాతకాలపుది గానీ వత్తులు చక్కగా కూర్చుంటాయి, అరసున్న కూడా...

తోక దగ్గర ఉన్నాం గదా. గంగన, సింగనలు చెడినదాన్ని పూడ్చారు. పోతన దశమ స్కంధం రాసి, అందులోంచి రుక్మిణీ కల్యాణం పీకి పక్కన పెట్టుకుని, కావాలంటే ఇంకో పది వరహాలు కట్టమనలేదు. 2012 మార్చిలో మాస్ ఎఫెక్ట్ మూడో భాగం విడుదలైన రోజే, ఆ కథకు మూలకందమైన జాతిలో మిగిలిన ఒకే ఒక్కణ్ణి విడిగా పది డాలర్లకు పెట్టారు. ఎదిగిన ఒంటికి తోక మొలిస్తే ముచ్చటే. ఒంట్లోంచి కోసి తోక అని అమ్మితే దాన్ని ఏమనాలో నిఘంటువులో మాట ఉంది, పంతులు నోట రాకూడదు.

కోపం ఇంకా ఉంది. మా మనవడి ఆటలో రూపాయలు చెల్లవు, వాళ్ళ నాణేలే చెల్లుతాయి. నాణేలు అయిదువందల కట్టగా అమ్ముతారు. కత్తి ధర ఆరువందలు. రెండు కట్టలు కొంటేనే కత్తి. మిగిలిన నాలుగువందలూ వాడి ఖాతాలో ఊరేగుతుంటాయి, ఏ వస్తువుకూ సరిపోవు, వాపసు రావు. మాకు దగ్గర్లోనే ఫణిగిరి బౌద్ధ క్షేత్రం ఉంది. 2024లో అక్కడి తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలం నాటివట. వాటిని దాచినవాడు తిరిగి రాలేదు పాపం, అయినా పదిహేడువందల ఏళ్ళకు తవ్వితే నాణెం నాణెంగానే ఉంది. మా మనవడి నాలుగువందలు ఆ కంపెనీ సర్వరు ఆపేసిన రోజు ఉంటాయా?

లినక్సువాడికి దీని మీద ఇంకో దెబ్బ. డబ్బు కట్టి, నెలల తరబడి ఆడిన ఆటే ఒక పొద్దున తలుపు వేసుకుంటుంది. ఎపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబరు చివర లినక్సు మొత్తానికీ ప్రవేశం లేదంది. మోసగాళ్ళు అటునుంచి వస్తున్నారని కారణం చెప్పారు. అంతకు నెల ముందే జీటీఏ ఆన్‌లైన్ కొత్త కాపలా పెట్టుకుని ఇదే పని చేసింది. ఆ కాపలా చేసే బ్యాటిల్ఐ సంస్థ 2021 నుంచీ ప్రోటాన్‌కు తలుపు తీయగలనంటూనే ఉంది. ఆట కట్టినవాళ్ళు సరేనంటే చాలు. అనలేదు. దుకాణంలో తోకలు మాత్రం యథావిధిగా అమ్ముడవుతున్నాయి. ఈ ఒక్క విషయంలో టీ కొట్టు తీర్పుతో నేను ఏకీభవిస్తున్నాను. ఆ రోజు కవి గ్లాసు గట్టిగానే పెట్టాడు.

మూడో పాదం స్పష్టం. వ్యాఖ్యాతలు స్పష్టం అన్నచోటల్లా ఏదో దాస్తారని విద్యార్థులకు నేనే చెప్పేవాణ్ణి గనక, దాచినది చెబుతాను. కవి ఓర్చుకోలేదు. అతని ఖాతా ఒకసారి నా కళ్ళబడింది. నేటివు ఆటలే ముడతానన్న పట్టుదల అతన్ని నేరుగా పారడాక్స్ కంపెనీ గుమ్మంలోకి తీసుకుపోయింది. 2013లో వచ్చిన యూరోపా యూనివర్సాలిస్ నాలుగో భాగం లినక్సుకు నేటివుగా వచ్చింది. దాని తోకలు లెక్కపెట్టబోయి మధ్యలో మానుకున్నాను. ఒళ్ళు ఒక ధర, తోకలన్నీ కలిపితే దాన్ని ఎన్నో రెట్లు మించిన ధర. కొత్తగా వచ్చేవాళ్ళు బెదిరిపోతున్నారని కాబోలు, 2021లో ఆ కంపెనీయే తోకలన్నిటినీ కలిపి నెలవారీ అద్దెకు పెట్టింది. అంటే మొదటి పాదాన్ని తుచ తప్పక పాటించినందుకే కవి రెండో పాదంలో పడ్డాడు. అడిగితే, "సేల్‌ల కొన్నయి సారూ, అవి లెక్కకు రావు" అన్నాడు. మా ఎరువుల కొట్టు లెక్కలు కూడా ఇట్లాగే రాస్తున్నాడేమో యజమాని చూసుకోవాలి.

నాలుగో పాదంలో సంబోధన ఎవరికన్నది వివాదం. ఊరివాళ్ళందరికీ అని కవి అంటాడు. ఊళ్ళో వడ్లు తూకమయ్యాయా, పైసలు పడ్డాయా అని మార్కెట్ యార్డు చుట్టూ తిరిగేవాళ్ళకు సీజన్ పాస్ గురించి తెలిసి మెలగాల్సిన అవసరమేమీ కనపడదు. తిరుమలగిరిలో లినక్సు మీద ఆటలాడేవాడు నాకు తెలిసి ఇతనొక్కడే. కాబట్టి సంబోధన కవి తనకు తాను చేసుకున్నదే అని సిద్ధాంతం.

చివర ఛందస్సు, అలంకారం చెప్పాలి. ఛందస్సు ఆటవెలది. యతులు సరిపోయాయి, మూడో పాదంలో స కు చ తో యతి చెల్లుతుంది, అందుకు మార్కులు వేశాను. అలంకారం ఎంత వెతికినా లేదు. అలంకారాన్ని విడిగా అమ్మే పద్ధతి నలుగురి నోళ్ళలో పడింది 2006 ఏప్రిల్‌లో. ఒబ్లివియన్ ఆటలో గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు విడిగా అమ్మితే లోకమంతా నవ్వింది. 2025లో అదే ఆటను మళ్ళీ తీర్చిదిద్ది అమ్మినప్పుడు, ఎక్కువ డబ్బు కట్టినవాళ్ళ కూర్పులో గుర్రానికి కొత్త కవచం పెట్టారు.  ఇదంతా కవికి వివరించి, నీ పద్యంలో అలంకారం లేదు నాయనా, కావాలంటే ఒక రూపకమో ఉత్ప్రేక్షో నేను విడిగా రాసిస్తాను, దానికి వేరే లెక్క అన్నాను.

"సేల్ ఎప్పుడు పెడ్తరు సారూ?" అన్నాడు.