దివ్యదృష్టికి ఏడాది ఎందుకు?

ఏడాది బి.ఇడి.ని మళ్లీ తేవాలన్న జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2025 ముసాయిదా మీద పండితలోకం రెండుగా చీలి, ఉపాధ్యాయుడు తయారు కావడానికి ఒక సంవత్సరం సరిపోతుందా, రెండు కావాలా అని తర్కించుకుంటున్న వేళ, తెలుగునాట ఎన్నో ప్రైవేటు కళాశాలలు ఈ చిక్కును ఏనాడో విప్పి, కాలంతో నిమిత్తం లేని ఒక విద్యను పెంచి పోషిస్తున్న సంగతిని ఇరుపక్షాలూ విస్మరించడం విచారకరం. లోకవ్యవహారంలో దాని పేరు ‘నాన్ అటెండింగ్’. శాస్త్రగౌరవం దక్కాలంటే దానిని సంజయ విద్యగా వ్యవహరించడం ఉచితం.

హస్తినాపురంలో కూర్చున్నచోటు నుంచే కురుక్షేత్రాన్ని చూడగల దృష్టిని వ్యాసుడు సంజయుడికి ప్రసాదించాడని భీష్మపర్వం చెబుతుంది. ఆ వరం పని చేయవలసి వచ్చింది 18 రోజులు. మండలి 2014 నిబంధనలు మాత్రం బి.ఇడి.ని రెండేళ్లకు పెంచి, ఏటా 200 పనిదినాలు విధించి, ఛాత్రోపాధ్యాయుడు, అనగా తాను ఇంకా చదువుకుంటూనే పిల్లలకు చదువు చెప్పడం నేర్చుకునేవాడు, 20 వారాలు బడిలో గడపాలనీ, అందులో మొదటి వారమంతా అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడి తరగతిని గమనించాలనీ, ఈ బడి శిక్షణకు 90 శాతం హాజరు ఉండాలనీ శాసించాయి. సంజయుడు అటువంటి దీర్ఘకాలిక దర్శనానికి తట్టుకునేవాడో కాదో చెప్పలేం. పైగా వ్యాసుడు ఒక్కడికి ఇచ్చిన వరాన్ని కళాశాల యాజమాన్యం యూనిట్టుకు యాభై మంది చొప్పున, రెండు యూనిట్లుంటే వంద మందికి, ఫీజు కట్టిన రోజే అనుగ్రహించగలుగుతోంది.

ఈ విద్యకు ప్రమాణగ్రంథం పరిశీలన రికార్డు. అట్ట వేసి, అంచులు గీసి, ఎర్ర సిరాతో శీర్షికలు రాసిన ఆ పుస్తకంలో పాఠం పేరు, ప్రేరణ కలిగించిన తీరు, ప్రశ్నలు తరగతికి పంచిన తీరు, నల్లబల్ల పని, పునర్బలనం, అంటే సరైన జవాబు చెప్పిన బిడ్డను మెచ్చుకుని మళ్లీ చెప్పాలనిపించేలా చేయడం, ఇవన్నీ గడులవారీగా ఉంటాయి. గడులు నింపవలసిన వ్యక్తి ఆ వేళ హైదరాబాదులో ఏ బట్టల దుకాణంలోనో బిల్లులు కొడుతూ ఉండవచ్చు. అయినా మూడు జిల్లాల అవతలి ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి ‘బి’ సెక్షను అతనికి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, వెనక వరుసలో పిల్లవాడు ఆవలించడంతో సహా. చూపు అంతగా ఆననివారి కోసం కళాశాల ఎదుటి జిరాక్సు షాపుల్లో, రికార్డుకు ఇంత అని మాట్లాడుకుని, వారి తరఫున దర్శించి పెట్టే దస్తూరీ నిపుణులు ఉంటారు. 

ఒకే దృశ్యాన్ని ఎందరు చూసినా ఒకే ఫలితం రావడం శాస్త్రానికి గీటురాయి అంటారు. యాభై రికార్డుల్లోనూ అదే ఉపాధ్యాయుడు అదే కిరణజన్య సంయోగక్రియను అవే ప్రశ్నలతో బోధించి, అవే జవాబులు రాబట్టి, ‘ప్రేరణ’లో అదే అక్షరదోషాన్ని మిగల్చడం కన్న ఈ విద్య శాస్త్రీయతకు వేరే నిదర్శనం అక్కరలేదు. ఒడిశా, బీహార్, జార్ఖండ్‌ల నుంచి వచ్చి ఆంధ్రప్రదేశ్ కళాశాలల్లో చేరేవారి విషయంలో ఈ శక్తి మరింత ప్రకాశిస్తుంది. తెలుగు అక్షరం ఎరుగని ఛాత్రోపాధ్యాయుడు, తాను ఎన్నడూ గడప తొక్కని తెలుగు మాధ్యమం బడిలో, ఉపాధ్యాయుడి ఉచ్చారణ స్పష్టంగా ఉందనీ, జాతీయాల ప్రయోగం ఇంకాస్త మెరుగుపడాలనీ నిర్ధారించి సంతకం చేయగలుగుతున్నాడు. ఇక పర్యాలోచన అనే దినచర్య పుస్తకం ఉంది. పాఠం చెప్పాక తన బోధనలోని లోపాలను తానే తరచి చూసుకుని రాసుకోవడం దాని ఉద్దేశం. అందులో చివరి వరుస పిల్లల మీద దృష్టి నిలపలేకపోయినందుకు పశ్చాత్తాపం, మర్నాడు సరిదిద్దుకుంటానన్న సంకల్పం, మర్నాడు సరిదిద్దుకున్న తృప్తి వరుసగా నమోదై ఉంటాయి. సంక్రాంతి సెలవుల్లో సైతం ఆ సాధన ఆగదు.

ఇక్కడ గ్రంథస్థమైన ఒక ఇబ్బందిని దాటవేయడం న్యాయం కాదు. భీష్ముడు కూలాక సంజయుడు యుద్ధభూమి నుంచి వచ్చి ధృతరాష్ట్రుడికి వార్త చెప్పినట్టు అదే పర్వంలో ఉంది. అంటే దివ్యదృష్టి ఉండి కూడా ఆ మహానుభావుడు స్వయంగా హాజరైనాడన్నమాట. ఆధునిక సంజయులకు ఆ చాదస్తం లేదు.

ధృతరాష్ట్రుడి స్థానంలో ఎవరున్నారన్నది సహజంగా ఎదురయ్యే ప్రశ్న. వ్యాసుడు చూపు ఇస్తానన్నది మొదట ఆ రాజుకే. స్వజనం చావును కళ్లారా చూడలేనని, వింటే చాలునని ఆయనే వద్దన్నాడు. అనుబంధ గుర్తింపు ఇచ్చే విశ్వవిద్యాలయాలకూ, గుర్తింపు ఇచ్చే మండలికీ చూపు కరవైందనడం అందువల్ల సరికాదు. అది తిరస్కరించబడిన చూపు. తనిఖీ బృందం తేదీ ముందుగా తెలియజేసి వస్తుంది, ఆ ఒక్కనాడు సంజయులందరూ బస్సులు దిగుతారు, బృందం విని వెళ్లిపోతుంది. వినవలసినది వినిపించనూ వినిపించారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. విడిగా నడిచే ఉపాధ్యాయ విద్యాసంస్థలు పదివేలకు పైగా ఉంటే వాటిలో అధికశాతం చదువు చెప్పే ప్రయత్నమే చేయక డిగ్రీలను వెలకట్టి అమ్ముకుంటున్నాయని, ఆ కమిషన్ మాటగా, 2020 జాతీయ విద్యావిధానం తన పుటల్లోనే అచ్చు వేసుకుంది. అంతటి వ్యాధికి 2015 నుంచి జరిగిన చికిత్స, ఏడాది కోర్సును రెండేళ్లు చేయడం. తరగతికి రాని అభ్యర్థి అప్పటి నుంచి రెట్టింపు కాలం రాకుండా ఉండి, రెండేళ్ల ఫీజు కట్టవలసి వచ్చింది. ఇప్పుడు నాలుగేళ్ల డిగ్రీ, పీజీ ఉన్నవారు మళ్లీ ఏడాదే రాకుండా ఉంటే చాలునన్న ఉదారత ముసాయిదాకు ఎక్కింది.

దుర్యోధనుడు మరణించాక సంజయుడి దివ్యదృష్టి నశించిందని సౌప్తికపర్వం. ఈ కాలపు సంజయుడికి అది నశించేది డీఎస్సీలో ఉద్యోగం వచ్చి బడిలో అడుగుపెట్టిన ఉదయం. స్కూల్ అసిస్టెంటు ఎంపికలో రాతపరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ. ఒక్క పాఠం చెప్పి చూపమని అడిగేవారు ఆ దారిలో ఎక్కడా ఎదురుకారు. కనుక అతను జీవితంలో మొట్టమొదట పరిశీలించే తరగతి అతని సొంత తరగతే అవుతుంది, ఆ పరిశీలనకు మూల్యం ఎదుట కూర్చున్న నలభై మంది పిల్లలు చెల్లిస్తారు.

ఇక్కడితో పరిహాసం చాలు. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో రాసిన ప్రకారం, ఎవరైనా బడి చదువు ముగిసేసరికి సుమారు 13,000 గంటలు ఉపాధ్యాయులను బెంచీ మీద నుంచి చూసి ఉంటారు. ఆ చూపు బోధన వెనక ఉన్న ఆలోచనను పట్టుకోలేదు, కానీ బోధన తెలిసిపోయిందన్న భ్రమను మాత్రం గట్టిగా నాటుతుంది. ఆ భ్రమను వదిలించడానికే పరిశీలన. ప్రశ్న వేసిన ఉపాధ్యాయుడు ఒక సెకను ఆగి తానే జవాబు చెబుతున్నాడా, మూడు సెకన్లు ఓపిక పడుతున్నాడా అన్న తేడా గది వెనక కూర్చున్నవాడికే తెలుస్తుంది. తొమ్మిదో తరగతికి వచ్చినా వాక్యం చదవలేని పిల్ల ఎవరి పుస్తకంలోకి చూసి పెదవులు కదుపుతోందో అక్కడి నుంచే కనిపిస్తుంది. ఇది తెలియనివాడు తనకు ఎలా చెప్పారో అలాగే చెబుతాడు, తనను ఎలా కొట్టారో అలాగే కొడతాడు. నిజంగా బడికి వచ్చే అభ్యర్థుల గతి ఇంకా అన్యాయం: ఛార్జీలు సొంతంగా పెట్టుకుని వచ్చిన వారికి మొదటి రోజే ఖాళీ తరగతి ఒకటి అప్పగించి సిబ్బంది కొరత తీర్చుకునే బడులు ఉన్నాయి, కాబట్టి వారికీ చూడవలసింది చూసే యోగం లేదు. రానివాడికీ వచ్చినవాడికీ ఒకే 90 శాతం హాజరు, ఒకే గ్రేడు. ఆ అంకె కింద ప్రిన్సిపాల్ సంతకం ఉంటుంది, ప్రధానోపాధ్యాయుడి ముద్ర ఉంటుంది, విశ్వవిద్యాలయం వేసిన మార్కులు ఉంటాయి. చూడని తరగతిని చూసినట్టు రాసిన కుర్రవాడికంటే, చూడలేదని తెలిసి సంతకం పెట్టిన పెద్దలది పెద్ద నేరం.

ఏడాదా, రెండేళ్లా అన్నది ఆనక తేల్చుకోవచ్చు. ముందు తనిఖీ బృందం కబురు చేయకుండా కళాశాలకు వెళ్లి, పది పరిశీలన రికార్డులు చేతిలోకి తీసుకుని, వాటిలో పేరున్న బడికే నేరుగా వెళ్లి, రికార్డు మీద అంటించిన ఫోటోను ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించి, ఈ సారును ఎప్పుడైనా చూశారా అని అడగాలి. ఎవరూ చూడలేదంటే, ఆ రికార్డు మీద సంతకం చేసిన ప్రతి ఒక్కరినీ అదే బడికి పిలిపించి, ఆ పిల్లల ఎదుటే అదే ప్రశ్న వారినీ అడగాలి.