120 గుర్రాలు, గుప్పెడు గడ్డి

కలియుగంలో అద్భుతాలు జరగవనే నాస్తికులు ఒకసారి జంషెడ్‌పూర్ వచ్చి, బిస్టుపూర్‌లో ఏదో ఒక కార్ల షోరూములో కాలు పెట్టాలి. చల్లటి ఏసీ తగులుతుంది. కాఫీ వస్తుంది. కాఫీ వెనకాలే టై కట్టిన కుర్రాడొకడు వచ్చి అద్భుతాన్ని వినిపిస్తాడు: ఇంజను 1.2 లీటర్లే, సిలిండర్లు మూడే, పరుగు పెద్ద కారుది, తాగే పెట్రోలు చిన్న కారుది. ఎలాగయ్యా అంటే టర్బో అంటాడు. ఆపైన ఇంకెవరూ ప్రశ్న వెయ్యరు.

ఈ ఊరి తెలుగువాళ్ళు ఇనుమూ యంత్రాలూ తెలియనివాళ్ళా అంటే కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తాతల కాలంలోనే వచ్చి కొలిమి వేడిలో బతుకులు కాచుకున్నవాళ్ళు. 1945లో రైలింజన్ల కోసం పుట్టిన టెల్కో, 1954 నుంచి డైమ్లర్ బెంజ్ తోడుతో లారీలు చేసింది ఇక్కడే. టాటా కమిన్స్ ఆ లారీలకు టర్బో డీజిల్ ఇంజన్లు చేసేదీ ఇక్కడే. కదమాలో వీధికొకడైనా టర్బో విప్పి బిగించినవాడుంటాడు. అయినా సరే, సొంత కారు బ్రోషరు చేతిలో పడగానే ముప్ఫయ్యేళ్ళ సర్వీసూ న్యూట్రల్‌లోకి జారిపోతుంది.

"ఏటి బావా, 1199 సీసీకి 120 గుర్రాలా?"

"టర్బో కదరా!"

"మరి మైలేజీ?"

"అదీ టర్బోయే కదరా!"

బ్రోషరు అంకెలు అబద్ధమని నేననను. నెక్సాన్‌లో ఉన్న టాటా వారి రెవోట్రాన్ 1199 సీసీ నుంచి 5500 ఆర్‌పీఎం దగ్గర 120 పీఎస్, అంటే ఆ 120 గుర్రాలనే, ఇస్తుంది. 170 ఎన్ఎం టార్కు 1750 నుంచి 4000 వరకు నిలుస్తుంది. హ్యుందాయ్ వారి 998 సీసీ టర్బోదీ 120 పీఎస్సే. స్కోడా, ఫోక్స్‌వాగన్ వారి 999 సీసీ టీఎస్ఐ 115 ఇస్తుంది, మారుతీ బూస్టర్‌జెట్ 100 ఇస్తుంది. అన్నీ నిజమైన అంకెలే. స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యుచి 1905లోనే పేటెంటు తీసుకున్న ఉపాయమిది. గొట్టంలోంచి వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పుతారు. అదే ఇరుసు మీది రెండో చక్రం బయటిగాలిని ఇంజనులోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, శక్తి పెరుగుతుంది.

చివరి వాక్యం మళ్ళీ చదవండి. పెట్రోలూ ఎక్కువ మండుతుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 పాళ్ళ గాలి కావాలి. గాలిని టర్బో ఉచితంగా తెస్తుంది. పెట్రోలు మాత్రం మీరు బంకులో కొనాల్సిందే. 120 గుర్రాలను కట్టి, ఒక్క గుర్రానికి సరిపడా గడ్డితో బండి నడుస్తుందని ఏ జట్కావాడికి చెప్పినా నవ్వుతాడు. మనం మాత్రం అడ్వాన్సు కడతాం.

మరి ఆ మైలేజీ అంకె ఎక్కడిది? పరీక్షశాలలో రోలర్ల మీద తీసింది. ఏసీ కట్టేస్తారు. పది కిలోమీటర్ల పైచిలుకు దూరం, 20 నిమిషాల లోపు సమయం, గరిష్ఠ వేగం 90. ఆ పరీక్షలో ఊరి భాగంలో ఆగిన బండి 50 వేగం అందుకోడానికి 26 సెకన్లు తీసుకుంటుంది. సాక్చీ గోల్‌చక్కర్ దగ్గర మీరూ 26 సెకన్లు తీసుకుని చూడండి. వెనకున్న ఆటోవాడు మీ ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకుంటాడు. అంత నెమ్మదిగా నడిపితే టర్బోకి పనేముంటుంది? కునుకు తీస్తుంది. అంటే ఆ మైలేజీ టర్బో నిద్రలో ఉన్నప్పటిది, ఆ 120 పీఎస్ టర్బో ఒళ్ళు విరుచుకుని లేచినప్పటిది. రెండూ నిజమే, ఒకేసారి మాత్రం నిజం కావు. బ్రోషరువాడు రెండింటినీ పక్కపక్కన అచ్చు వేసి ఊరుకుంటాడు. కలిపి చదువుకునే పాపం మనది.

ఇంకో రహస్యం ఉంది. గట్టిగా తొక్కినప్పుడు టర్బో చక్రానికి తగిలే పొగ 900 డిగ్రీల దాకా కాగుతుంది. చక్రం కరగకుండా కాపాడ్డానికి కంప్యూటరు అవసరానికి మించి పెట్రోలు చిమ్మి ఆ పొగను చల్లారుస్తుంది. లీటరు వంద రూపాయల ద్రవంతో ఇంజనుకు స్నానం చేయిస్తున్నారన్నమాట. ఇది తెలియక సర్వీసు సెంటరుకు వెళ్ళి "11 కూడా రావట్లేదు" అంటే, "మీ డ్రైవింగ్ స్టైల్ సర్" అని మన మొహానే కొడతారు. పరీక్షశాలలో అమ్మింది వాళ్ళు, రోడ్డు మీద నేరస్థులం మనం.

1.2 లీటర్ల కొలత భూగోళాన్ని కాపాడ్డానికి పుట్టిందని ప్రకటనలు చెబుతాయి. మన దేశంలో ఆ గీత గీసింది ఇంజనీరు కాదు, ఆర్థికమంత్రి. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లకు మించని, 1200 సీసీ దాటని పెట్రోలు కార్లకు ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గింది. ఆ గీత ఇప్పటికీ చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గీతకు ఇవతల 18 శాతం జీఎస్టీ, అవతల 40. బరువైన ఎస్‌యూవీని గీతకు ఇవతలే ఉంచి పరుగెత్తించాలంటే ఇంజనులో గాలి కుక్కక తప్పదు. పన్ను తగ్గుతుందని చెప్పి అమ్మితే తప్పేముంది? ధర్మం నిలుస్తుందని చెప్పి అమ్మడమే చిరాకు.

ఇప్పుడు కారుతో పాటు ఇచ్చే పుస్తకం తెరుద్దాం. గ్లవ్ బాక్సులో పాలిథిన్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. అందులో కఠిన పరిస్థితుల్లో వాడకం అని ఒక జాబితా ఉంటుంది: తరచూ చిన్న దూరాలు, ఆగుతూ సాగే ట్రాఫిక్, దుమ్ము, విపరీతమైన ఎండ, నిలబడి ఎక్కువసేపు ఇంజను ఆడించడం. ఇలా వాడేవాళ్ళు ఆయిలు మామూలు గడువు కన్నా ముందే మార్చాలి. ఇదేదో మా ఊరి గెజిటీరులా లేదూ? పొద్దున్న ఆరుకు 'ఏ' షిఫ్టు, కదమా నుంచి ఫ్యాక్టరీ గేటుకు నాలుగైదు కిలోమీటర్లు. సాయంత్రం మాంగో బ్రిడ్జి మీద సువర్ణరేఖను తనివితీరా చూసే సావకాశం. లారీల వెనక ఎర్రదుమ్ము, మే నెలలో 40 దాటిన ఎండ. పుస్తకం ప్రకారం కఠినం కాని వాడకమంటే బహుశా స్విట్జర్లాండులో ఆదివారం ఉదయం. కానీ ఆయిలు గడువు చెప్పేటప్పుడు కుర్రాడి నోట వచ్చేది ఆ స్విట్జర్లాండు లెక్కే.

ఆయిలు గొడవ ఎందుకంటారా? టర్బో ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. దాన్ని మోసేది పలచటి ఆయిలు పొర, అంతే. నాలుగు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజను సరిగ్గా వేడెక్కదు. మండని పెట్రోలు కొంత పిస్టను రింగులు దాటి కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజన్లలో ఈ జబ్బు మరీ ఎక్కువ. అలాంటి బండి డిప్‌స్టిక్కు లాగి చూస్తే ఆయిలు పై గీత దాటి ఉండొచ్చు, వేలికి అంటించి వాసన చూస్తే పెట్రోలు గుప్పుమనొచ్చు. మావయ్యగారు మాత్రం మురిసిపోతారు: "చూశావట్రా, మన బండి ఆయిలు తాగదు సరికదా, పెడుతోంది!"

అదే మావయ్య మైలేజీ కోసం 40 వేగానికే ఐదో గేరు వేసి, లారీని దాటడానికి గేరు మార్చకుండా నిండా తొక్కుతారు. తక్కువ ఆర్‌పీఎంలో అంత గాలి కుక్కితే, ప్లగ్గు మెరవకముందే మిశ్రమం పేలవచ్చు. ఆ దెబ్బకు పిస్టన్లు పగిలిన ఇంజన్లున్నాయి. దీన్ని అడ్డుకోడానికి కూడా 2020లో ఏపీఐ ఎస్‌పీ అనే ప్రమాణంతో ఆయిళ్ళు వచ్చాయి. రోడ్డు పక్క మెకానిక్కు దగ్గర మాత్రం వేదాంతమే: "ఆయిలేదైనా ఆయిలే కదా సార్!"

ఇక నిత్యపూజ. పొద్దున్నే దేవుడికి అగరొత్తులు వెలిగించి, బండి స్టార్టు చేసి పది నిమిషాలు సందంతా పొగబెడతారు. దానికి అర నిమిషం చాలు, తర్వాత మెల్లగా నడిపితే అదే వేడెక్కుతుంది. రాంచీ నుంచి గంటన్నర తొక్కుకొచ్చి ఢాబా ముందు మాత్రం టక్కున తాళం తిప్పేస్తారు. ఒక నిమిషం ఆడనివ్వాల్సింది అక్కడ. లేకపోతే కాగిన బేరింగులో ఆయిలు మాడి మసి కడుతుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి టర్బో చుట్టూ నీళ్ళు తిరిగే ఏర్పాటు ఉంది కాబట్టి ముప్పు తగ్గింది, పోలేదు. టెల్కో గేటు దగ్గర ఏ లారీ డ్రైవరును అడిగినా ఈ ముక్క చెబుతాడు. ఆయన బ్రోషరు చదవలేదు మరి.

అమ్మేవాడి మౌనానికీ కొనేవాడి బద్ధకానికీ పెళ్ళి కొత్తది కాదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు వచ్చింది. ఇంజను కొట్టుకోకుండా నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవం ఒక ట్యాంకులో పోస్తూ ఉండాలి. జనం పొయ్యడం మరిచారు, బండి పరుగు మరిచింది. ఆ కారు తయారీ 1963తో ఆగిపోయింది.

చిన్న టర్బో చెడ్డ ఇంజను కాదు. బహరాగోడా, బాలాసోర్ మీదుగా శ్రీకాకుళం దాకా 80, 90 వేగంతో నిలకడగా పోయేవాళ్ళకు చక్కగా పనికొస్తుంది. రోజూ గేటుకూ ఇంటికీ మధ్యే తిరిగేవాళ్ళకు టర్బో లేని మామూలు ఇంజనే మేలు. ఇద్దరికీ ఒకే అద్భుతం అమ్మడం మోసం. కంపెనీలు పరీక్షశాల మైలేజీ పక్కనే ఏసీ వేసి ఊళ్ళో తిరిగిన మైలేజీ కూడా అచ్చు వెయ్యాలి. ఆయిలు గడువు చెప్పేటప్పుడు కఠిన వాడకం లెక్కే ముందు చెప్పాలి. అంతవరకూ మీరు చెయ్యగలిగింది ఒకటుంది. అడ్వాన్సు కట్టకముందే ఓనర్స్ మాన్యువల్ అడిగి తీసుకుని ఆ జాబితా ఉన్న పేజీ చదవండి. కంపెనీ తన ఇంజను గురించి నిజం ఒప్పుకునేది ఆ ఒక్క పుస్తకంలోనే.