‘చలువ నీటిలోన’ పద్యానికి టీకా తాత్పర్యాలు

చలువ నీటిలోన చప్పున దూకకు
తోడు లేక నీవు తొలగిపోకు
వాన పడిన నాడు వలదయ్య యీదుట
వణకు మున్నె గట్టు వచ్చి చేరు

అవతారిక: శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ఉత్తర తీరాన, ఫిషర్‌మన్స్ వార్ఫ్‌కు పడమటి పక్కన, అక్వాటిక్ పార్క్ కోవ్ అనే ఈతరేవు ఉంది. కోవ్ అనగా అలలు నేరుగా తాకకుండా ఒడ్డు వంపు తిరిగి చుట్టుకొన్న చిన్న నీటిపట్టు. ఇచ్చట ఆ వంపును హైడ్ స్ట్రీట్ పియర్ ఒక వైపునా, శిథిలమై 2022లో మూతపడిన మునిసిపల్ పియర్ మరొక వైపునా పూర్తి చేస్తున్నాయి. 1873లో పుట్టిన సౌత్ ఎండ్ రోయింగ్ క్లబ్బూ, 1877లో పుట్టిన డాల్ఫిన్ క్లబ్బూ ఈ ఒడ్డునే ఇరుగుపొరుగులై ఉండడం వలన, చన్నీటి ఈతకు ఇది పాత క్షేత్రమనే చెప్పవలెను. ఫ్రీమాంట్, సన్నీవేల్ ప్రాంతాల తెలుగువారు చుట్టాలకు ఊరు చూపిస్తూ ఇక్కడికీ వస్తారు గనుక, తెలుగులో ఒక హెచ్చరిక పద్యం అవసరమైనది. మూలం లేనిదే వ్యాఖ్య నిలవదు కాబట్టి వ్యాఖ్యాతే ఈ ఆటవెలదిని అల్లుకొన్నాడనే అపవాదు ఉన్నది. వ్యాఖ్యాత దానిని ఖండించుట లేదు.

టీక: ‘చలువ నీటిలోన’ అనగా చల్లని నీటియందు. తెలుగులో చలువ అనేది హాయిని తెలిపే మాట. చలువ పందిరి, చలువ చేసే మజ్జిగ, సబ్జా గింజలు ఈ కోవకు చెందుతాయి. ఈ ఈతరేవు నీరు ఏడాదిలో ఎక్కువ భాగం 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ నడుమ ఉంటుంది గనుక కవి ‘చలి’ అనవలసినది. అయితే ‘చలి’కి రెండు లఘువులే ఉండి సూర్యగణం కుదరక, ఒక్క లఘువు కోసం ప్రాణాంతకమైన వస్తువుకు ప్రియమైన పేరు పెట్టినాడు. అక్కడివారు ఎవరైనా “ఈవేళ నీళ్ళు యాభై అయిదు” అని చెబితే అది ఫారన్‌హీట్ లెక్క అనీ, మన లెక్కలో దాదాపు 13 డిగ్రీలే అనీ గ్రహించవలెను.

‘చప్పున దూకకు’ అనగా ఒక్కసారిగా దుమకవద్దు. కవి దిగవద్దనలేదు, దూకవద్దన్నాడు. చల్లని నీరు ఒంటిని హఠాత్తుగా ముంచినపుడు మనిషి తన ప్రమేయం లేకుండానే గుక్కపట్టి గాలి పీలుస్తాడు. ఆ క్షణాన ముఖం నీటిలో ఉంటే పీల్చేది గాలి కాదు. ఊపిరి అదుపు తప్పే ఈ స్థితిని కోల్డ్ షాక్ అంటారు, అది ఒకటి రెండు నిమిషాలలో నెమ్మదిస్తుంది. కావున మోకాళ్ళ లోతున నిలిచి, ముఖం తడుపుకొని, ఊపిరి స్థిమితపడిన పిమ్మటే ముందుకు సాగవలెను. గోదావరి రేవుల్లోనూ, ఊరి దిగుడు బావుల్లోనూ ఈత నేర్చినవారికి దుమకడమే ఈతకు శ్రీకారం. ఈ పాదం ముఖ్యంగా వారికే చెప్పబడినది.

‘తొలగిపోకు’ అనే క్రియకు రెండర్థాలు పొసగుతున్నవి. తోడు ఈతగాని నుంచి తొలగకుమనుట మొదటిది. ఇచ్చట కాపలా కాసే లైఫ్‌గార్డు ఉండడు, తోడే లైఫ్‌గార్డు. రేవు వంపు నుంచి బయటికి తొలగకుమనుట రెండవది. ఆటు అనగా సముద్రం వెనక్కి తీసే సమయం. అప్పుడు అఖాతపు నీరంతా గోల్డెన్ గేట్ కంత గుండా బయటికి పరుగెత్తుతుంది, వంపు లోపల మందంగా తోచే ప్రవాహం గేటు దాపున ఎంతటి ఈతగానికైనా లొంగదు. కొట్టొచ్చినట్టు కనబడే రంగు టోపీ పెట్టుకొనుట కూడా ఇందులోనే అంతర్భూతం, పడవలవారికి నల్లని జుట్టు అలల నడుమ కనబడదు గనుక. సముద్రసింహాల ప్రస్తావన పద్యంలో లేకపోవుట లోపమే; 2017 డిసెంబరులో అవి ఈతగాళ్ళను కరిచినందున ఈ రేవును కొన్నాళ్ళు మూసివేసినారు.

‘వాన పడిన నాడు’ అనగా ఆ ఒక్కనాడే అని కాదు, తరువాతి రెండు మూడు రోజులు కూడా. ఈ నగరంలో చాలా భాగాన వాన నీరూ మురుగు నీరూ ఒకే గొట్టాలలో పారుతాయి, జడివానకు అవి పొంగి తీరాన కలుస్తాయి. ‘అయ్య’ అనే సంబోధన పాదపూరణకే. అమ్మలకు మినహాయింపు లేదు.

‘వణకు మున్నె’ అనుట పద్యానికి ప్రాణం. వణుకు పుట్టగానే గట్టెక్కుదామని కొందరు చెప్పే అర్థం నిలవదు, ఎందుకనగా అసలు వణుకు చాలామందికి గట్టెక్కిన పది నిమిషాలకు గాని రాదు. చర్మం వద్ద చల్లబడిన నెత్తురు లోపలికి మళ్ళుతున్న కొద్దీ ఒంటి లోని వేడి ఇంకా దిగుతుంది. దీనినే ఆఫ్టర్‌డ్రాప్ అంటారు. కాబట్టి చేతివేళ్ళు దగ్గరికి రాకపోవుట, మాట ముద్దగా వచ్చుట అనే గుర్తులకు ముందే, ఇంకా హాయిగా ఉన్నదనిపించే దశలోనే వెనుదిరగవలెను. గట్టున తడి బట్టలు విడిచి, పొడి ఉన్ని బట్టలు తొడిగి, వెచ్చని పానీయం తాగవలెను; వణుకు పూర్తిగా తగ్గే వరకు కారు నడపరాదు.

తాత్పర్యం: మెల్లగా దిగి, తోడుతో ఈది, వాన వెలిసిన మూడు రోజులు ఆగి, ఇంకా బాగున్నప్పుడే బయటికి రావలెనని భావం.

పాఠ సవరణ: మొదటి పాదాన్ని పాఠకులు ‘చలి నీటిలోన’ అని దిద్దుకొని చదువుకొందురు గాక, గణం చెడుతుంది, చెడనిండు.