రెడ్ ఆక్సైడ్ సారు

ఆలంపూర్‌కు వచ్చినవాళ్లంతా తల పైకెత్తి తిరుగుతారు. 7వ శతాబ్దంలో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాల శిఖరాలు తల దించనిస్తాయా! తల వంచుకుని తిరిగేది ఒక్క రెడ్ ఆక్సైడ్ సారే. యాత్రికులు జోగులాంబ దర్శనానికి చెప్పులు విడుస్తుంటే, ఈయన వాళ్ల కారు పక్కన గొంతుక్కూర్చుని అడుగు దర్శనం చేసుకుంటుంటాడు. "ఎడమ దిక్కు డోరు కింద చూసుకున్నరా? తుప్పు మొదలైంది!" అంటాడు, పెళ్లి సంబంధం కుదిరిందని చెప్పినంత ఉత్సాహంగా.

సారు రిటైరైన సైన్సు మాస్టారు. కారు మారుతి 800. 1983లో మొదలైన ఆ బండిని కంపెనీ 2014లో ఆపేసింది. ఆ సంగతి సారుకు తెలుసు, ఒప్పుకోడు. "కంపెనీ ఆపింది, నేను ఆపలే" అంటాడు.

దాని తుప్పు వదిలించే పని ఎండాకాలంలోనే. జాకీ ఎక్కించి, దాన్ని నమ్మకుండా కింద చెక్క దిమ్మెలు పెడతాడు. సిమెంటు ఇటుకలు పెడదామన్నవాడికి ఆ రోజు చాయ్ ఉండదు. బరువు పడితే అవి చెప్పకుండా పగులుతాయి. తర్వాత లుంగీ ఎగ్గట్టి కిందికి దూరతాడు. ఇక బయటికి కనిపించేవి రెండు పాదాలు, వినిపించేది ఒక ఉపన్యాసం.

స్క్రూడ్రైవర్ పిడితో రేకును కొడుతూ పోతాడు. 'టంగ్' అంటే గట్టి, 'డబ్' అంటే రోగం. డబ్ అన్నచోట వైరు బ్రష్‌తో తెల్ల రేకు బయటపడేదాకా గీకుతాడు. "తుప్పు మీద రంగేస్తే తుప్పుకు దుప్పటి కప్పినట్టే రా. లోపల వెచ్చగా పెరుగుతది." ఎమరీ పేపర్, ఆ తర్వాత థిన్నర్ గుడ్డ, ఆ తర్వాత రెడ్ ఆక్సైడ్. పలచగా ఒక పూత, అది ఆరినాక ఇంకొకటి. దాని మీద నల్ల తారుపూత. సైలెన్సర్‌కు మాత్రం పాత పేపర్లు చుడతాడు. దాని మీద తారు పడితే వేడికి కాలి, బజారంతా కంపు.

డోర్ల అడుగున నీళ్లు కారిపోయే బెజ్జాలుంటాయి. పూతకు అవి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి రేకును తింటాయి. అందుకని ఒక్కో బెజ్జంలో ఒక్కో చీపురుపుల్ల గుచ్చి ఉంచుతాడు. అమ్మగారు వాకిట్లోకొచ్చి, "చీపురు సగమైంది. దానికి గూడ తుప్పు పట్టిందా?" అని అడుగుతారు. పాదాలు జవాబివ్వవు.

పాత శిష్యుడొకడు ఓసారి ధైర్యం చేశాడు: "సార్, రెడ్ ఆక్సైడ్ అంటే ఐరన్ ఆక్సైడే గద. అంటే తుప్పేనా?"

కారు కింద కాసేపు నిశ్శబ్దం. "ముల్లును ముల్లుతోనే తియ్యాలె. పోయి చాయ్ తాగు."

ఎగతాళి చేద్దామంటే సారు చెప్పేది తప్పు కాదు. అల్యూమినియం మీద పట్టిన పొర అంటిపెట్టుకుని లోపలి లోహాన్ని కాస్తుంది. ఇనుము మీది పొర ఉబ్బి, పెచ్చులై రాలి, కింది ఇనుమును మళ్లీ గాలికి, నీటికి అప్పగిస్తుంది. ఢిల్లీ ఇనుప స్తంభం ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటే అందులో భాస్వరం ఎక్కువుండి, పైన గట్టి పొర కట్టినందుకే. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకొచ్చినప్పుడు అందరూ ఇళ్లు కడుక్కుంటే, సారు కారు అడుగున చేరిన ఒండ్రు కడిగాడు. నీళ్లు పోతాయి, ఒండ్రు చెమ్మ పట్టుకుని కూర్చుంటుంది. దసరాకు లోకమంతా బానెట్‌కు బొట్టు పెడితే, సారు వెల్లకిలా పడుకుని చాసిస్‌కు పెడతాడు. బానెట్ రంగు వెలిసిపోయి ఏ కాలమైందో! "పైన చూసేటోళ్లు మస్తుమంది ఉన్నరు" అంటాడు.

ఇంత చేసిన కారు ఎక్కడికి పోతుందంటే, ఎక్కడికీ పోదు. వానాకాలం బురద, చలికాలం మంచు, ఎండాకాలం పూత ఆరాలి. కర్నూలులో పెళ్లంటే దంపతులిద్దరూ ఆర్టీసీ బస్సే ఎక్కాలి.

మొన్న బస్టాండులో అమ్మగారు సీటు కోసం లోపలికెక్కారు. సారు వెనక చక్రం దగ్గర వంగాడు. ఆయన్ను చూసి ఇంకో నలుగురు వంగారు. కండక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పడిపోయింది సార్?"

"ఇంకా ఏం పడలేదప్పా" అన్నాడు సారు, లేచి చేతులు దులుపుకుంటూ. "పడతది."